బొమ్మ చూపి కథ చెప్పిన నేల

రాత్రి బువ్వలయ్యాక వాడ నడుమ రెండు గుంజలు పాతేవాళ్లు. వాటి మీద అడ్డకర్ర. ఆ కర్రకు చుట్టగా వేలాడదీసిన బట్ట 3 అడుగుల వెడల్పు ఉండేది, పూర్తిగా విప్పితే 40 అడుగులు దాటేది. దీపం వెలుతురులో మొదట కనిపించేది వినాయకుడు. హార్మోనియం, మద్దెల, తాళాలు జత కలిసేవి. కథకుడు చేతిలోని పుల్లతో బొమ్మను చూపి రాగం ఎత్తుకునేవాడు. ఆ ఘట్టం ముగిశాకే కింది బొమ్మ బయటికి వచ్చేది. చెప్పింది చుట్టేస్తూ, చెప్పబోయేది విప్పుతూ కథ రాత్రుల తరబడి సాగేది.

ఇదే పటం కథ. ఆఫీసుల్లో, బళ్లలో, చివరికి శాసనసభలో కూడా తెర మీద స్లైడ్లు వేసి విషయం చెప్పడం మనకు నిన్నమొన్న వచ్చిన అలవాటు. కానీ బొమ్మ చూపిస్తూ మాట నడపడమనే విద్య ఓరుగల్లు చుట్టుపక్కల శతాబ్దాలుగా ఉంది. దానికి గురువులున్నారు, కట్టుబాట్లున్నాయి, పోషించే కులాలున్నాయి. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయిన ఈ నేల మీద ఆ విద్య మూడు రూపాల్లో కనిపిస్తుంది. బట్ట మీద పటం, కోయల పడిగె, కంప్యూటర్ తెర మీద స్లైడ్.

పటాలకు పుట్టినిల్లు చేర్యాల. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలో కలిసింది. అంతకుముందు అది ఉమ్మడి వరంగల్ జిల్లా ఊరు. జిల్లా మారినా శాసనసభకు మాత్రం ఇప్పటికీ జనగామ నియోజకవర్గంలోనే ఓటు వేస్తుంది.

ఎర్ర నేల మీద బొమ్మ

పటాలు గీసే నకాషీ చిత్రకారుడి పని బట్టను సిద్ధం చేయడంతో మొదలవుతుంది. బియ్యం గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూతను ఖద్దరు గుడ్డకు పలుమార్లు పట్టించి ఆరబెడతారు. ఆ పూత వల్ల రంగు గుడ్డలోకి ఇంకిపోకుండా పైనే నిలుస్తుంది. వందసార్లు చుట్టి విప్పినా తట్టుకోవాలి కాబట్టి పూత మందం కాకూడదు, పలచనా కాకూడదు. రంగులన్నీ చుట్టూ దొరికేవే. తెలుపుకు శంఖాల పొడి, నలుపుకు దీపపు మసి, పసుపుకు పేవిడి రాయి, నీలానికి నీలిమందు, ఎరుపుకు ఇంగిలికం. ఉడుత వెంట్రుకలు కట్టిన కుంచెలతో సన్నగీతలు గీసేవాళ్లు. ఇప్పుడు చాలామంది దుకాణంలో దొరికే రంగులే వాడుతున్నారు.

ముందు కుంచెతో బొమ్మల గీతలు. తర్వాత వాటి వెనక భాగమంతా ఎరుపు. ఆ ఎరుపు చేర్యాల పటానికి ఆనవాలు. పసుపు, నీలం, తెలుపు దాని మీద పడితే మసక వెలుతురులో, వాడ చివర కూర్చున్నవాళ్లకు సైతం బొమ్మ ఆకారం విడిగా తెలుస్తుంది. చెట్లు, కొండలు, ఇళ్లు అవసరమైనంత వరకే ఉంటాయి. మనుషులు మాత్రం గడి నిండా నిలబడి ఉంటారు. లోతు చూపించాలనీ, దూరపు వస్తువును చిన్నది చేయాలనీ చిత్రకారుడు తాపత్రయపడడు. కథలో ఎవరు ముఖ్యమో వాళ్లే కంటికి పెద్దగా కనబడాలి.

రంగుకూ ఒక లెక్క ఉంది. దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, మనుషులకు ఒంటి రంగు. ఈ లెక్క తొలి గడిలో ఎలా ఉందో చివరి గడి దాకా అలాగే ఉంటుంది. ఒక పాత్రను ఒకసారి గుర్తుపట్టిన పిల్లవాడు మళ్లీ ఆ పాత్ర వచ్చినప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. గడికీ గడికీ నడుమ పూల అంచు గీస్తారు. ఆ అంచు కనబడితే ఘట్టం మారిందని అర్థం. ఇక పాత్రల కట్టూబొట్టూ, గుడిసెలు, తాటిచెట్లు, పనిముట్లు అన్నీ తెలంగాణ పల్లెవే. పురాణం ఎక్కడ జరిగినా పటంలో మాత్రం చూసేవాళ్ల ఊళ్లోనే జరుగుతుంది.

స్లైడ్లు తయారుచేసేవాళ్లకు నేడు శిక్షణ తరగతుల్లో నేర్పే సూత్రాలలో చాలా వరకు ఇక్కడున్నాయి. ఒక్కో గడికి ఒక్కటే ఘట్టం. వెనక రంగు ఒకటే. రంగుల అర్థం మధ్యలో మారదు. చివరి వరసలో కూర్చున్నవాడి చూపును బట్టి బొమ్మ కొలత.

చేర్యాలలో ధనాలకోట ఇంటిపేరున్న నకాషీ కుటుంబం ఈ పనిని నిలబెట్టింది. ఆ ఇంటివాళ్లు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ తరహా పటాల్లో 17వ శతాబ్దం నాటివి సైతం దొరికాయి. హైదరాబాద్‌లో 1976లో వెలిసిన జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియం దక్కన్ పటాలను సేకరించి భద్రపరిచింది.

గీసేది ఒకరు, చెప్పేది ఒకరు

పటం గీసినవాడు కథ చెప్పడు. కథ చెప్పేవాడు పటం గీయడు. కథకుడు చేర్యాల వచ్చి ఏ కథ కావాలో, ఏ ఘట్టాలు ఉండాలో చెప్పి పటం రాయించుకుంటాడు. చిత్రకారుడికి కథ మొత్తం తెలిసి ఉండాలి, కానీ ఏది ముందో ఏది వెనకో నిర్ణయించేది కథకుడే. అంటే పటం మొదలయ్యేది రంగుతో కాదు, ఘట్టాల వరసతో.

ఒక్కో కులానికి తన పుట్టుక కథను చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లు ఉన్నారు. మందెచ్చులవాళ్లు పటం బదులు చెక్కబొమ్మలను వరసగా నిలబెట్టి కథ నడుపుతారు. ఎవరు ఏ ఊళ్లలో చెప్పాలో మిరాశి ప్రకారం పంచుకుంటారు. తాతల నుంచి వచ్చిన ఆ ఊళ్ల హక్కు, ఆ పటం అన్నదమ్ముల పంపకాల్లో ఆస్తిగానే లెక్క. కథ ముగిశాక పోషక కులం ఇచ్చే దాన్ని త్యాగం అంటారు. ధాన్యం, బట్టలు, డబ్బు, ఒకప్పుడు పశువులు కూడా.

పటం వాళ్లకు దేవుడితో సమానం. చిరిగి, రంగు పోయి, పనికిరాని పటాన్ని పారేయరు. మనిషికి చేసినట్టే కర్మకాండ చేసి నీళ్లలో కలుపుతారు. పాత పటాలు ఎక్కువగా మిగలకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ పద్ధతిలో ఒక గొప్ప తెలివిడి ఉంది. మార్కండేయుడు యముడి చేతికి చిక్కకుండా శివలింగాన్ని కావలించుకున్న గడిని చూడండి. లింగం, పిల్లవాడు, పాశం, యముడు, శివుడు. అంతే. తండ్రి దుఃఖం, బతుకు మీద పిల్లవాడి ఆశ, యముడి మొండితనం గడిలో ఎక్కడా లేవు. అవన్నీ కథకుడి గొంతులో ఉన్నాయి. మాట్లాడాల్సిందంతా బట్ట మీదకు ఎక్కించి ఉంటే ఊరు కథకుడిని వినేది కాదు. తెర మీది వాక్యాలను వెనక్కి తిరిగి చదివే నేటి వక్తల దగ్గర సరిగ్గా అదే జరుగుతోంది. జనం తమంతట తామే చదివేసి, ఆయన ముగించేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటారు.

పునుగొండ్ల పడిగె

మహబూబాబాద్ జిల్లాలో అడవి దారి పట్టి గంగారం మండలంలోని పునుగొండ్లకు వెళితే అది పగిడిద్దరాజు ఊరు. సమ్మక్క భర్తగా కోయలు కొలిచే వీరుడు ఆయన. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఆయనను ఇక్కడి నుంచే పూజారులు తీసుకెళతారు. కోయల ఇలవేల్పుల దగ్గర పడిగెలు ఉంటాయి. ఇవి మూడు మూలల బట్ట జెండాలు. వాటి మీద వంశం మూలపురుషులు, జంతువులు, గుర్తులు ఉంటాయి. వాటిని చదివి వంశ చరిత్ర పాడేవాళ్లు డోలీలు.

పడిగె పటం కంటే చాలా పొదుపైన పద్ధతి. పటంలో ప్రతి ఘట్టానికీ ఒక గడి ఉంటుంది. పడిగెలో ఒక్క గుర్తు వెనక ఒక తరం కథ దాగి ఉండవచ్చు. చూసేవాడికి అది గుర్తు మాత్రమే. డోలీకి అది ఎక్కడ అందుకోవాలో చెప్పే ఆనవాలు. పాడేవాడికి కథ కంఠతా రాకపోతే పడిగె మూగది. సమ్మక్క సారలమ్మల చరిత్రను అలా గుండెలో పెట్టుకుని పాడిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

బొమ్మనూ ఆటనూ ఇష్టపడే గుణం ఈ సీమకు పాతదే. కవి పాల్కురికి సోమనాథుడి ఊరుగా ప్రసిద్ధమైన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో ఉంది. ఆయన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రికి జరిగే ఆటపాటలను ఏకరువు పెడుతూ తోలుబొమ్మలాటను కూడా చెప్పాడు. ఓరుగల్లు వీధులను ఒక రోజంతా తిప్పి చూపించే క్రీడాభిరామం అనే పాత తెలుగు కృతిలో వేశ్య మాచల్దేవి చిత్రశాల ప్రస్తావన ఉంది. కాకతీయుల రాజధానిలో గోడల మీద పురాణ ఘట్టాలు రాయించుకోవడం వైభవానికి గుర్తని దానివల్ల తెలుస్తుంది. ఆ గోడబొమ్మ రాజధానిలోని మేడకు పరిమితం. చుట్టి భుజాన వేసుకుపోగల పటం మాత్రం ఊరూరికీ వెళ్లింది.

పవర్‌పాయింట్ రాక

కంప్యూటర్‌లో స్లైడ్లు తయారుచేసే పవర్‌పాయింట్ 1987 ఏప్రిల్‌లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. రాబర్ట్ గ్యాస్కిన్స్ ఆలోచనతో, డెనిస్ ఆస్టిన్ ప్రధానంగా రాసిన ప్రోగ్రాంతో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ దాన్ని తెచ్చింది. మొదట అది ఆపిల్ మెకింటాష్ కంప్యూటర్‌లోనే నడిచేది, నలుపూ తెలుపే. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లను సొంతంగా అచ్చు తీసుకోవడానికి వాడేవారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది. 1990లో విండోస్ కంప్యూటర్లకూ వచ్చింది.

తెలుగునాట స్లైడ్లకు రాజకీయ ప్రతిష్ఠ తెచ్చింది 1990ల చివరి కాలం. 1997లో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి ల్యాప్‌టాప్‌లో రాష్ట్రం గురించి ప్రెజెంటేషన్ చూపించారు. 10 నిమిషాల కోసం దొరికిన సమయం 40 నిమిషాలు సాగిందని ఆయన తరచూ చెబుతుంటారు. 1998లో హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం మొదలైంది. ఆ తర్వాత కలెక్టర్ల సమావేశాల్లో, ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్లలో స్లైడ్ లేకుండా మాట్లాడటం అరుదైపోయింది.

చిత్రకారుడూ కథకుడూ చేసే పని ఇప్పుడు ఒక్కరి నెత్తిన పడింది. పైగా సాఫ్ట్‌వేర్ తెరవగానే ఖాళీ పెట్టె, పక్కన చుక్కలు ఎదురవుతాయి. చుక్క పక్కన వాక్యం, దాని కింద మరో చిన్న చుక్క, దాని కింద మరొకటి. నకాషీ చిత్రకారుడు కథ విన్నాకే కుంచె పట్టేవాడు. ఇక్కడ చెప్పాల్సింది తేలకముందే పెట్టెలు నింపడం మొదలవుతుంది.

అదెంత దూరం తీసుకెళుతుందో 2003లో ప్రపంచం చూసింది. కల్పనా చావ్లా సహా ఏడుగురు ఉన్న కొలంబియా అంతరిక్ష నౌక పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. దాని కింద రకరకాల సైజుల అక్షరాల్లో పలు అంచెల చుక్కలు. అసలు విషయం అట్టడుగున ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. చేసిన పరీక్షలతో ఈ దెబ్బను అంచనా వేయలేమని దాని అర్థం. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక ఆ స్లైడ్‌ను ప్రత్యేకంగా విమర్శించింది. సమాచార చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ దాన్ని వరస వరసగా విప్పి చూపించారు. 3 పక్కన 1,920 గీసిన ఒక్క బొమ్మ ఆ స్లైడ్‌లో నిండుగా ఉండి ఉంటే ప్రాణాలు నిలిచేవో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ గదిలో ఉన్నవాళ్లందరి కళ్లకూ అది ఆనేది.

మేడిగడ్డ మీద స్లైడ్లు

2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలో తెర వెలిగింది. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు సాగునీటి ప్రాజెక్టుల మార్పులను పవర్‌పాయింట్‌తో వివరించారు. నదుల దారినీ, ఎత్తుపల్లాలనూ మ్యాపుల మీద చూపుతూ కథనంలా చెప్పుకొచ్చారు. సభలో ఇలా చెప్పడం పద్ధతి కాదంటూ కాంగ్రెస్ హాజరు కాలేదు. ఆ ప్రణాళికలో ప్రధానమైన కాళేశ్వరం ఎత్తిపోతలకు తలకట్టు మేడిగడ్డ బరాజ్. అది భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ మండలంలో ఉంది. 85 గేట్లు, 16.17 టీఎంసీల నిల్వ. 2019 జూన్ 21న ప్రారంభమైంది.

2023 అక్టోబర్ 21న బరాజ్ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ప్రభుత్వం మారింది. ఆ ఏడాది డిసెంబర్ 29న మంత్రులు మేడిగడ్డ వెళ్లినప్పుడు అక్కడే ఇంజినీర్ల ప్రెజెంటేషన్ జరిగింది. 2024 ఫిబ్రవరి 13న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఎమ్మెల్యేలతో వెళ్లినప్పుడు మళ్లీ స్లైడ్లు వేశారు. ప్రతిపక్షంలోకి వెళ్లిన చంద్రశేఖర్‌రావు పార్టీ బీఆర్ఎస్ కూడా తన వాదనను ప్రెజెంటేషన్లతోనే వినిపించింది. ఒకే బరాజ్ మీద ఇన్ని తెరలు.

పటానికీ స్లైడ్‌కూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే బయటపడుతుంది. మార్కండేయుడి కథ పద్మశాలీలకు ముందే తెలుసు. నమ్మకం ఉన్న కథను మళ్లీ అనుభవించడానికే వాళ్లు కూర్చుంటారు. కాళేశ్వరం విషయంలో చూసేవాళ్లకు కథ ముందే తెలియదు, నమ్మాలా వద్దా అన్నదే ప్రశ్న. అక్కడ రంగు, వరస, గొంతు ఎంత బాగున్నా చాలవు. లెక్కలు కావాలి, ఆ లెక్కలు ఎలా వచ్చాయో కావాలి. వాటిని స్లైడ్‌లో కుక్కితే ఎవరికీ కనబడవు. కనుక అవి కాగితం మీద, ప్రతి ఒక్కరి చేతిలో, తీరిగ్గా చదువుకునేలా ఉండాలి. చూపించాల్సింది తెరకు, నిరూపించాల్సింది కాగితానికి విడదీసుకున్న ప్రెజెంటేషన్ ఏ పక్షానిదైనా ప్రజలకు మేలు చేస్తుంది.

ఆ కాళేశ్వరాన్నే పటం పద్ధతిలో గీస్తే ఎలా ఉంటుంది? మొదటి గడిలో ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, నీలంలో రెండు పాయలు, ఇంకేమీ లేదు. రెండో గడిలో దిగువన బరాజ్ గోడ. మూడో గడిలో మెట్లుగా పైకి ఎక్కే నీళ్లు, అడుగున 100 మీటర్లు, పైన కొండపోచమ్మ దగ్గర 618 మీటర్లు. ఆ రెండు అంకెలే చాలు. నాలుగో గడిలో నీళ్లు చేరాల్సిన పొలాలు. ఐదో గడిలో వరసగా నిలిచిన పియర్లు, వాటిలో కుంగిన బ్లాకు మాత్రమే ఎరుపు. నీళ్లకు మొదటి గడిలో వాడిన నీలమే చివరి దాకా. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఐదు గడుల్లో విషయం పట్టుకుంటారు. ఖర్చు, కరెంటు, ఆయకట్టు లెక్కలు చేతిలోని కాగితంలో ఉంటాయి.

తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఇప్పుడు డిజిటల్ తెరలు వస్తున్నాయి. వాటి మీద ఏం చూపించాలో, ఎంత చూపించాలో ఉపాధ్యాయులే తేల్చుకోవాలి. ఇంకోవైపు పటం చూపి కథ చెప్పే బృందాలు చాలా తగ్గిపోయాయి. సినిమా, టీవీ వచ్చాక పోషక కులాల పిలుపులు పలచబడ్డాయి. చేర్యాల చిత్రకారులు పొడవాటి పటాల బదులు గోడకు తగిలించుకునే ఒంటి గడి బొమ్మలు, మాస్కులు, చిన్న అలంకరణ వస్తువులు చేసి బతుకుతున్నారు. పొడవు తగ్గేకొద్దీ ఘట్టాలను వరసపెట్టే నేర్పు కూడా జారిపోతోంది. అమ్మకానికి ఒక్క గడి సరిపోతుంది కానీ విద్య అంతా గడుల వరసలో ఉంది.

అందుకే ఈ మూడు జిల్లాల ఉపాధ్యాయ శిక్షణలో ఒక రోజు పటానికి కేటాయించాలి. చేర్యాల చిత్రకారుడు, కాకిపడగల లేదా కూనపులి కథకుడు, పునుగొండ్ల వైపు డోలీ ఒక్కచోట కూర్చుని ఒకే పాఠాన్ని ఎన్ని గడులుగా కోస్తారో, ప్రతి గడిలో ఏది ఉంచి ఏది గొంతుకు వదిలేస్తారో టీచర్లకు చేసి చూపించాలి. వాళ్లకు గౌరవ వేతనం అందాలి. ఆ రోజు చెప్పిన కథను మొదటి గడి నుంచి చివరి గడి దాకా వీడియో తీసి జిల్లా గ్రంథాలయాల్లో ఉంచాలి. ఈ పనికి కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. జిల్లా విద్యాశాఖ అధికారులు తలచుకుంటే వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.